సెల్లార్‌లో తేలాల్సిన తగువు

ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటున్నానని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర సలహా సిద్ధంగా ఉంటుంది. ‘‘తొందరెందుకు? ముందు ఛార్జింగ్ స్టేషన్లు రానీ. సంక్రాంతికి ఊరెళ్తూ సూర్యాపేట దాటాక బండి ఆగిపోతే పిల్లలతో ఎక్కడ నిలబడతావు? డీజిల్ తీసుకో, పదేళ్లు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.’’ పెళ్లిళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో, చివరికి కొన్ని షోరూముల్లోనూ ఇదే మాట. చెప్పేవాళ్లు మన మేలు కోరేవాళ్లే. అయినా ఆ సలహా తప్పు. దాన్ని నమ్మి నగరాల్లో డీజిల్ కారు కొంటున్న కుటుంబాలు నెలనెలా డబ్బు పోగొట్టుకుంటున్నాయి, ఆ పొగను తమ పిల్లల చేతే పీల్పిస్తున్నాయి. అందుకే దీన్ని మర్యాద కోసం వినేసి ఊరుకోలేను.

ఏడాదిలో నాలుగైదు రోజులు చేసే ప్రయాణాన్ని పట్టుకుని మిగతా మూడు వందల అరవై రోజులకు బండిని ఎంచుకోమనడం ఆ సలహాలో మొదటి లోపం. నగరంలో ఉద్యోగం చేసే మధ్యతరగతి మనిషి కారు రోజూ చేసే పని ఏమిటి? ఉప్పల్ నుంచి మాదాపూర్‌కో, నిజాంపేట నుంచి గచ్చిబౌలికో, విశాఖలో గాజువాక నుంచి మధురవాడకో వెళ్లి వస్తుంది. రానూపోనూ ముప్పై, నలభై, మహా అయితే అరవై కిలోమీటర్లు. రోజులో మిగతా సమయమంతా అది ఆగే ఉంటుంది. అందులో రాత్రి తొమ్మిది, పది గంటలు మన ఇంటి కిందే ఉంటుంది. ఇప్పుడు దొరికే మధ్యస్థాయి ఎలక్ట్రిక్ కార్లు ఒక్క యూనిట్ కరెంటుతో ఆరు, ఏడు కిలోమీటర్లు నడుస్తాయి. నలభై కిలోమీటర్లకు ఏడు యూనిట్లు చాలు. గీజరుకూ ఏసీకీ వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు ఆ ఏడు యూనిట్లను మూడు గంటల్లో ఎక్కిస్తుంది. మనం నిద్రలో ఉండగా ఆ పని అయిపోతుంది.

బంకు ఎందుకు కావలసి వచ్చింది? డీజిల్ ఇంట్లో దొరకదు కాబట్టి. కరెంటు ఇంట్లోనే ఉంది. బంకులు ఉన్నన్ని ఛార్జింగ్ స్టేషన్లు వచ్చేదాకా ఆగుదామనడం, కొత్త బండికి పాత బండి అవసరాన్ని అంటగట్టడమే. రోడ్డు మీది స్టేషన్ ఎలక్ట్రిక్ కారుకు పండగ అవసరం. రాత్రి ప్లగ్గు దాని నిత్యావసరం. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చర్చంతా హైవే మీద జరుగుతోంది. నిజానికి ఈ తగువు తేలాల్సింది మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. అక్కడికి వస్తాను. ముందు డీజిల్ మీద మనకున్న నమ్మకం సంగతి చూద్దాం.

ఆ నమ్మకానికి ఒక కాలం ఉంది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ పోయింది. డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబరు దాకా ఉంది. ఆ మధ్యలో రెండింటికీ తేడా లీటరుకు పాతిక రూపాయలు దాటింది. లారీ కోసం, ట్రాక్టరు కోసం, ఆర్టీసీ బస్సు కోసం చవకగా ఉంచిన ఇంధనంతో సొంత కార్లు తిరిగాయి. దేశంలో అమ్ముడయ్యే కార్లలో సగం దాకా డీజిలే అయ్యాయి. స్విఫ్ట్ డిజైర్ డీజిల్ కోసం నెలల తరబడి కాచుకున్నవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. డీజిలంటే పొదుపు అన్న మాట అప్పుడు నిజం. ఇప్పుడు? కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో లీటరు డీజిల్ 95 రూపాయల పైనే, పెట్రోలు 107 పైనే. ఆ పన్నెండు రూపాయల తేడా కోసం డీజిల్ ఇంజన్‌కు లక్ష, లక్షన్నర అదనంగా పోయాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు పూర్తిగా మానేసింది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, రెనో కూడా మానుకున్నాయి. అమ్మకాల్లో డీజిల్ వాటా ఐదో వంతు కంటే కిందికి పడిపోయింది. కంపెనీలు వదిలేసిన లెక్కను మనం ఇంకా నెత్తిన మోస్తున్నాం.

బీఎస్-6 డీజిల్ కారు నగరంలో ఎలా బతుకుతుందో షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. దాని పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే మసి జల్లెడ ఉంటుంది. ఇంజన్ వదిలే మసి అందులో పేరుకుంటుంది. పేరుకున్న మసిని కారు తనంతట తానే కాల్చుకోవాలి, దానికి ఆరు వందల డిగ్రీల దాకా వేడి కావాలి. హైవే మీద పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో వెళ్తే ఆ వేడి పుడుతుంది. అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య పుట్టదు. పిల్లల్ని బడి దగ్గర దింపి, కూరగాయలు కొనుక్కుని మూడు కిలోమీటర్లు తిరిగి ఇంటికొచ్చేసే బండిలో అసలే పుట్టదు. కాల్చడం మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే, ఆ పని కోసం అదనంగా చల్లిన డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ పలచబడుతుంది. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. పట్టించుకోకపోతే ఇంజన్ బలం తగ్గిపోతుంది, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి మసి కాల్పించుకోవాలి. జల్లెడ మార్చాల్సి వస్తే ఖర్చు పదివేలతో పోదు. ఇవి చాలవన్నట్టు చాలా డీజిల్ మోడళ్లలో యూరియా ద్రావణం కోసం వేరే ట్యాంకు ఉంటుంది. అది ఖాళీ అయితే, ఎన్నో హెచ్చరికల తర్వాత, ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కాదు.

ఈ బెడద తప్పించుకోవడానికి కొందరు గ్యారేజీల్లో ఆ జల్లెడనే తీసేయిస్తున్నారు. అది చట్టవిరుద్ధం. అంతకంటే ముఖ్యంగా, వాళ్ల వీధిలో ఆడుకునే పిల్లలకు చేస్తున్న ద్రోహం. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లోనే తేల్చి, మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్నదీ ఆ వర్గంలోనే. జల్లెడ పెట్టింది ఇందుకే. అది పనిచేయని నగరపు రోడ్ల మీద, అది పనిచేయని రీతిలో నడపడానికి డీజిల్ కారు కొనమనడం ఎవరికి మేలు?

ఖర్చు మాట. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇల్లు అనుకుందాం. నగరంలో డీజిల్ ఎస్‌యూవీ లీటరుకు పదిహేను ఇస్తే అరవై ఏడు లీటర్లు, దాదాపు 6,400 రూపాయలు. ఎలక్ట్రిక్ కారుకు ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి 170 యూనిట్లు వేసుకోండి. ఇంటి మీటరు మీదే పెట్టి, ఆ యూనిట్లన్నీ నాలుగు వందలు దాటిన స్లాబులో పడ్డాయనుకున్నా, తెలంగాణలో యూనిట్ 9.50 చొప్పున 1,600 చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు వందల యూనిట్ల పైన 9.75 చొప్పున 1,650. సర్దుబాటు ఛార్జీలూ అవీ కలిపినా రెండు వేలు దాటదు. వాహన ఛార్జింగ్‌కు విడిగా మీటరు తీసుకుంటే తెలంగాణలో యూనిట్ ఆరు రూపాయలు, ఆంధ్రలో 6.70. అప్పుడు నెల ఖర్చు వెయ్యి, పదకొండు వందల దగ్గరే ఉంటుంది. ఎంత తక్కువ వేసుకున్నా ఏడాదికి యాభై వేల పైన మిగులుతుంది. ఇంజన్ ఆయిల్ లేదు, ఆయిల్, డీజిల్ ఫిల్టర్లు లేవు, క్లచ్ ప్లేట్లు లేవు. టైర్లు కాస్త ముందుగా అరుగుతాయి, బీమా ప్రీమియం కొంచెం ఎక్కువ. అవి కూడా చెప్పుకోవాలి.

‘కొనేటప్పుడే మూడు లక్షలు ఎక్కువ పెట్టాలి కదా’ అనేది తర్వాతి మాట. తెలంగాణలో పది నుంచి ఇరవై లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 17 శాతానికి తక్కువ ఉండదు. పదిహేను లక్షల డీజిల్ కారుకు అది రెండున్నర లక్షల పైనే. ఎలక్ట్రిక్ కారుకు రోడ్ ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా పూర్తిగా ఎత్తేశారు. జీఎస్టీ 5 శాతమే. షోరూమ్ ధరలు రెండూ పక్కన పెట్టుకుని పోల్చేవాళ్లు, బండి రోడ్డెక్కే ధరను పోల్చడం లేదు. తేడా అక్కడే చాలావరకు కరిగిపోతుంది.

ఈ లెక్కంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది, దాన్ని దాచను. ఇంటి దగ్గర ప్లగ్గు లేక పూర్తిగా బయటి ఫాస్ట్ ఛార్జర్ల మీదే ఆధారపడితే, 18 శాతం జీఎస్టీతో యూనిట్ ఇరవై, ఇరవై ఐదు రూపాయలు పడుతుంది. నెలకు మూడున్నర, నాలుగు వేలు. ఆదాలో మూడో వంతుకు పైగా పోయినట్టే. పైగా వారానికి రెండు సార్లు ఛార్జర్ పక్కన గంటేసి కూర్చోవాలి. రాత్రి ప్లగ్గు లేనివాళ్లు ఎలక్ట్రిక్ కారు కొనొద్దని నేనూ చెప్తాను. రోజూ రెండు వందల కిలోమీటర్లు తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌కు, పాడేరు, చింతపల్లి, ఏటూరునాగారం వైపు పని ఉన్న కాంట్రాక్టరుకు, దూరప్రాంతాల అద్దె కార్లు నడుపుకునేవాళ్లకు డీజిల్ ఇవాళ్టికి సరైనదే. వాళ్ల బండిలో ఆ మసి జల్లెడ కూడా చక్కగా పనిచేస్తుంది. కానీ వాళ్ల అవసరాన్ని చూపించి కూకట్‌పల్లి బ్యాంకు ఉద్యోగికి డీజిల్ కారు అంటగట్టకూడదు.

ఇక అందరూ భయపెట్టే హైవే. హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు హైవే వేగంలో 250 నుంచి 300 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. కంపెనీ ప్రకటనలో ఉండే 480ల అంకెను నమ్మకండి, అది ప్రయోగశాలలో తేలినది. అంటే దారిలో ఒక్కసారి ఆగాలి. సూర్యాపేటలో టిఫిన్‌కు ఆగని కుటుంబం ఏది? 60 కిలోవాట్ల ఛార్జర్ పనిచేస్తుంటే ముప్పై, నలభై నిమిషాల్లో మిగతా దారికి సరిపడా ఎక్కుతుంది.

పనిచేస్తుంటే! అసలు బాధ అదే. ఒక మిషన్ చెడిపోయి ఉంటుంది. ఒకటి యాప్‌లో ఖాళీగా కనిపిస్తుంది, దగ్గరికెళ్తే వేరే కారు తగిలించి ఉంటుంది, డ్రైవరు భోజనానికి వెళ్లాడు. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వ్యాలెట్, అందులో ముందే డబ్బు వేయాలి. సిగ్నల్ లేని చోట ఓటీపీ రాదు. పంతంగి టోల్ గేటు దగ్గర సంక్రాంతికి బారులు తీరే కార్లలో పదింట ఒకటి ఎలక్ట్రిక్ అయినా, ఈ ఛార్జర్లు ఆ రోజుకు సరిపోవు. ఈ కష్టాలన్నీ నిజమే. ఎన్ని స్టేషన్లు పెట్టామో ప్రకటించే ప్రభుత్వాలు, వాటిలో ఇవాళ ఎన్ని పనిచేస్తున్నాయో కూడా ప్రకటించాలి. అన్ని యాప్‌లకు బదులు ఒక్క యూపీఐ స్కాన్‌తో కరెంటు రావాలి. అలా అని ఆ నాలుగైదు రోజుల ఇబ్బందికి భయపడి ఏడాదంతా నెలకు నాలుగు వేల పైచిలుకు కట్టుకుంటూ పోవడం తెలివి కాదు. పండక్కి రైలుంది, బస్సుంది. రాత్రి పది దాటాక బయల్దేరితే ఛార్జర్ల దగ్గర రద్దీ కూడా తగ్గుతుంది.

బ్యాటరీ పోతే సగం కారు పోయినట్టే అంటారు. మన మార్కెట్లో చాలా కార్లకు బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఈ మధ్య కొన్ని మోడళ్లకు మొదటి యజమానికి పదిహేనేళ్ల దాకా ఇస్తున్నారు. నెలకు వెయ్యి తిరిగే ఇంటికి లక్షా అరవై వేలు పూర్తవడానికి పదమూడేళ్లు పడుతుంది కాబట్టి ఏళ్ల గడువే లెక్క. మళ్లీ అమ్మితే ధర తక్కువ పలుకుతుందన్నది మాత్రం నిజం. మూడేళ్లకోసారి కారు మార్చేవాళ్లు ఆ సంగతి చూసుకోవాలి.

బొగ్గు కరెంటుతో నడిచే కారు పర్యావరణానికి ఏం మేలు చేస్తుందన్న ప్రశ్న కూడా వింటుంటాం. కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం విద్యుత్ కేంద్రాలు బొగ్గే కాల్చనీండి. దేశం మొత్తం మీద ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ఆ లెక్కన ఎలక్ట్రిక్ కారు కిలోమీటరుకు 120 గ్రాములు. లీటరు డీజిల్ మండితే 2.7 కిలోలు, అంటే పదిహేను మైలేజీ ఇచ్చే కారుకు కిలోమీటరుకు 180 గ్రాములు. ఆ డీజిల్‌ను శుద్ధి చేసి, ట్యాంకరెక్కించి బంకుకు చేర్చడంలో వెలువడేది ఇందులో కలపనే లేదు. సొంత ఇల్లుండి మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకున్నవాళ్లకు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి. పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల సబ్సిడీ ఉంది. అక్కడ బొగ్గు వాదన కూడా మిగలదు.

ఇప్పుడు సెల్లార్‌కు వద్దాం. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఎలక్ట్రిక్ కారుకు అసలు అడ్డంకి ఇక్కడుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను అడిగితే మూడు మాటలు వినిపిస్తాయి: అగ్ని ప్రమాదం, లోడు, ‘ఒక్కరికిస్తే అందరూ అడుగుతారు’.

అగ్ని భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి మనిషి ప్రాణం పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటలు పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మేసి ఎనిమిది మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఆ కుటుంబాల దుఃఖం ముందు ఎవరూ వాదించకూడదు. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి రెండు దశల్లో అమల్లోకి తెచ్చింది. పడగ్గదిలోకి తెచ్చి పెట్టుకునే స్కూటర్ బ్యాటరీ వేరు. కారు చట్రంలో బిగించి, ఉష్ణోగ్రతను నిరంతరం కొలుచుకునే బ్యాటరీ వేరు. మన దగ్గర అమ్ముడయ్యే ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ వాటిలో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, త్వరగా మండని రకం. సెల్లార్‌లో నిజమైన ప్రమాదం కారులో కంటే తీగలో ఉంది. అనుమతి ఇవ్వకపోతే జనం ఏం చేస్తారు? కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీస్తారు. సన్నటి తీగ, ఎర్తింగ్ లేని ప్లగ్గు, రాత్రంతా లోడు. అసోసియేషన్ దేనికి భయపడి వద్దంటోందో, ఆ వద్దనడం వల్లే అది దగ్గరికొస్తుంది. మందమైన రాగి తీగ, లోడు మించినా కరెంటు లీకైనా సరఫరాను ఆపేసే ఎంసీబీ, ఆర్‌సీసీబీ విడిగా, సరైన ఎర్తింగ్ ఉంటే చాలు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ సెల్లార్లు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ ఇళ్లు ఎలా మునిగాయో చూశాం కాబట్టి ప్లగ్గును ఛాతీ ఎత్తుకు పైన బిగించాలి. ఎలక్ట్రీషియన్‌కు ఒక రోజు పని.

లోడు సంగతి లెక్క వేసి చూడండి. నలభై ఫ్లాట్లు, నలభై మందికీ ఎలక్ట్రిక్ కార్లే అనుకుందాం. ఒక్కొక్కరికి రాత్రికి ఏడు యూనిట్లు, మొత్తం 280. పదకొండు నుంచి ఏడు దాకా ఎనిమిది గంటల్లో పంచితే సగటున 35 కిలోవాట్లు. పొద్దున్నే పదిహేడు, పద్దెనిమిది ఇళ్లలో ఒకేసారి గీజర్లు వేస్తే అంతే లోడు, దానికి ఏ అసోసియేషనూ తీర్మానం చేయదు. వేసవి రాత్రుల్లో ఏసీల వల్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు ఉంటుంది, నిజమే. అందుకే వంతులు కావాలి, లోడును పంచే పరికరాలు కావాలి. నిషేధం దానికి జవాబు కాదు.

బిల్లు ఎవరు కట్టాలన్న గొడవ అసలు ఉండాల్సింది కాదు. మన అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల మీటర్ల బోర్డు సెల్లార్‌లోనే ఉంటుంది. ఎవరి మీటరు నుంచి వాళ్ల పార్కింగ్‌కు తీగ లాగడం పదీ ఇరవై మీటర్ల పని. అది కుదరకపోయినా దారి ఉంది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024 ఫిబ్రవరిలో సవరించి, వాహన ఛార్జింగ్‌కు విడిగా కనెక్షన్ తీసుకునే హక్కు కల్పించారు. 2024 సెప్టెంబరు నాటి విద్యుత్ శాఖ మార్గదర్శకాల ప్రకారం ఉన్న కనెక్షన్ మీద కూడా ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. కొత్త భవనాల్లో ఐదో వంతు పార్కింగ్‌కు ఛార్జింగ్ వసతి ఉండాలని కేంద్ర నమూనా నిబంధనల్లో 2019లోనే చేర్చారు. ఇవి తెలియక, లేదా తెలిసీ, ఎన్నో అసోసియేషన్లు నోటి మాటతో వద్దంటున్నాయి. అద్దెకున్నవాళ్ల పరిస్థితి మరీ కష్టం. యజమాని సరేనంటే అసోసియేషన్ ఒప్పుకోదు, అసోసియేషన్ ఒప్పుకుంటే యజమానికి గోడకు రంధ్రం పడటం ఇష్టముండదు.

ఒక్కరికిస్తే అందరూ అడుగుతారనే మాటకు జవాబు ఒక్కటే. అడగనివ్వండి. నలభై మంది విడివిడిగా నలభై తీగలు లాగేకంటే ఇప్పుడే ఒక కేబుల్ ట్రే, ఒక ప్యానెల్ బోర్డు అందరికీ కలిపి వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, భద్రత పెరుగుతుంది.

మీరు అసోసియేషన్ సభ్యులైతే వచ్చే జనరల్ బాడీ సమావేశం అజెండాలో ఈ అంశం పెట్టించండి. అద్దెకిచ్చిన యజమానులైతే మీ అద్దెదారు అడిగిన ప్లగ్గుకు సమ్మతి పత్రం రాసివ్వండి. కారు కొనబోతున్నవాళ్లైతే టెస్ట్ డ్రైవ్‌కు ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీ పార్కింగ్‌కు తీగ వస్తుందో లేదో చూపించుకోండి. వస్తుందంటే డీజిల్ షోరూమ్ గడప తొక్కకండి. అసోసియేషన్ నోటి మాటతో కాదంటే, ఆ కాదన్నదాన్ని కారణాలతో సహా కాగితం మీద రాసిమ్మని అడగండి.